మరమ్మతు చేసేదానికే మరమ్మతు

ఆ రాత్రి లాగ్ ఫైలును నేను చెరిపెయ్యలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు మొదలై పొద్దున ఎనిమిది దాకా, నిమిషానికొకటి చొప్పున ఒకటే వాక్యం: ‘నెట్ లేదు. అడాప్టర్ ఆపి మళ్ళీ ఆన్ చేశాను.’ ఆరు వందల పైచిలుకు వరసలు.

మా కాలేజీ ల్యాబ్‌లో పిల్లల ప్రాక్టికల్ ఫైళ్ళన్నీ దాచే కంప్యూటరు ఒకటుంది. దానికి అప్పుడప్పుడు నెట్ పోయేది. ఎవరో ఒకరు వెళ్ళి ఆపి, మళ్ళీ ఆన్ చేస్తే వచ్చేది. సెలవు రోజుల్లో ఆ ఒక్క పనికి మనిషి దొరికేవాడు కాదు. అందుకని ఒక చిన్న స్క్రిప్టు రాశాను. నిమిషానికోసారి బయటికి పింగ్ కొట్టి చూస్తుంది. జవాబు రాకపోతే నెట్‌వర్క్ అడాప్టర్‌ను ఆపి, మళ్ళీ ఆన్ చేస్తుంది. మనిషి చేసే పనే. రెండు వారాలు బాగా నడిచింది. ఆ రాత్రి కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. పొద్దున నేను వెళ్ళేసరికి మా అటెండర్ తలుపు దగ్గరే ఎదురొచ్చి అన్నాడు: “సార్, ఆ లైటు ఆరుతూ వెలుగుతూనే ఉంది. ఎందుకో అనుమానమొచ్చి మీ ప్రోగ్రాం ఆపేశాను. ఐదారు నిమిషాలకు నెట్ దానంతటదే వచ్చేసింది.”

నెట్ బాగుచెయ్యడానికి పెట్టిన ప్రోగ్రామే రాత్రంతా నెట్ రాకుండా అడ్డుపడింది. అసలు కారణం దొరకడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో, నెట్‌వర్క్ తనను తాను బాగుచేసుకోవాలన్న ఆలోచన ఎక్కడ పుట్టింది, దాన్ని మొదట తలపెట్టినవాళ్ళు ఏం తిప్పలు పడ్డారు అని పాత కాగితాలు తిరగేశాను. నా స్క్రిప్టు చేసిన తప్పు కొత్తదేమీ కాదని అక్కడే తెలిసింది. ఈ తప్పుకు ఒక తేదీ కూడా ఉంది: 1980 అక్టోబర్ 27. అయితే కథ అంతకు పదకొండేళ్ళ ముందు మొదలవుతుంది.

1969లో అమెరికా రక్షణ శాఖకు చెందిన ఆర్పా సంస్థ, దూరదూరాన ఉన్న విశ్వవిద్యాలయాల కంప్యూటర్లను టెలిఫోన్ లైన్లతో కలిపే పనిని మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లోని బోల్ట్ బెరనెక్ అండ్ న్యూమన్ కంపెనీకి అప్పగించింది. బీబీఎన్ అంటారు దాన్ని. ప్రతి చోటా ఒక చిన్న కంప్యూటరు పెట్టి, కబుర్లను ముక్కలుగా చేసి, ఆ ముక్కలను ఒకదాన్నుంచి ఒకదానికి అందించడం పథకం. ఆ చిన్న కంప్యూటరు పేరు ఇంప్. హనీవెల్ కంపెనీ తయారుచేసిన డీడీపీ-516 యంత్రాన్ని దానికి వాడారు. ఫ్రిజ్ అంత పెట్టె, లోపల 12 వేల పదాల జ్ఞాపకశక్తి, పదానికి 16 బిట్లు. ఈ రోజు మన చేతిలోని ఫోన్ తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. మొదటి ఇంప్ ఆ ఏడాది ఆగస్టు చివర లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చేరింది. ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ, శాంటా బార్బరా, యూటా. ఆ నెట్‌వర్కే ఆర్పానెట్. దాని మొదటి నాలుగు ఊళ్ళు ఇవే.

ఆ బృందానికి పెద్ద ఫ్రాంక్ హార్ట్. ఆయన దిగులంతా ఒక్కటే: తయారుచేసేది కేంబ్రిడ్జ్‌లో, పెట్టేది దేశానికి అవతలి కొసన. అక్కడ ఇంప్ సంగతి తెలిసినవాళ్ళు ఉండరు. రాత్రి రెండింటికి అది ఆగిపోతే లేపేవాళ్ళెవరు? విద్యార్థులు ఊరికే కెలుకుతారేమోనన్న భయం కూడా ఉండేది. అందుకే సైన్యం వాడే రకం గట్టి ఉక్కు పెట్టెలో దాన్ని బిగించారు. లోపల మాత్రం అంతకంటే గట్టి ఏర్పాటు చేశారు. నాకు ఈ కథలో బాగా నచ్చిన చోటు ఇదే.

ఇంప్‌లో ఒక కాపలా గడియారం పెట్టారు. నడుస్తున్న ప్రోగ్రాం కొద్దికొద్దిసేపటికి దాన్ని తట్టి మళ్ళీ మొదటికి తిప్పాలి. నేను బతికే ఉన్నాను అని చెప్పడం లాంటిదది. ప్రోగ్రాం ఎక్కడైనా చిక్కుకుపోయి తట్టడం మరిచిపోతే గడియారం గడువు తీరిపోతుంది. అప్పుడు పగ్గాలు జ్ఞాపకశక్తిలో 512 పదాల చిన్న గదికి వెళ్తాయి. ఆ గదిలో రాసింది మిగతా ప్రోగ్రాం చెరపలేదు, తాళం వేసినట్టే. యంత్రాన్ని మళ్ళీ లేపే కోడ్ అందులో ఉంటుంది. కరెంటు పోయినా అంతే, వచ్చాక మనిషి చెయ్యి పడకుండా తనే లేస్తుంది. ప్రోగ్రామే చెడిపోతే? తర్వాతి కాలంలో దానికీ దారి చూశారు. పక్క ఇంప్‌ను అడిగి, లైను మీదుగానే మంచి ప్రతి ఒకటి తెచ్చుకుంటుంది. మన ఇళ్ళల్లో తోడు పెట్టడానికి మజ్జిగ లేకపోతే పక్కింటికి గిన్నె పట్టుకెళ్ళినట్టు.

ఇక కేంబ్రిడ్జ్‌లో నెట్‌వర్క్ నియంత్రణ కేంద్రం పెట్టారు. ప్రతి ఇంప్ తన ఆరోగ్యం గురించి అక్కడికి క్రమం తప్పకుండా కబురు పంపేది. ఎక్కడ లైను బలహీనపడిందో, అక్కడున్నవాళ్ళ కంటే ముందే కేంబ్రిడ్జ్‌లో తెలిసిపోయేది. అక్కణ్ణుంచి టెలిఫోన్ కంపెనీకి ఫోన్ చేసి, దేశానికి అవతలి వైపున్న ఫలానా లైనులో లోపం ఉందని చెబితే, ఇంత దూరం నుంచి మీకెలా తెలిసిందని అవతలివాళ్ళు నమ్మలేకపోయేవారు. లైన్‌ను తనవైపే తిప్పి, పంపింది తిరిగి వస్తుందో లేదో చూసి, లోపం లైన్‌లో ఉందా యంత్రంలో ఉందా తేల్చుకునే ఏర్పాటు కూడా ఉండేది. ఈ రోజు మన ఇంటికి వచ్చే ఇంటర్నెట్ కుర్రాడు ముందు రౌటర్ దగ్గర, తర్వాత బయటి పెట్టె దగ్గర పరీక్ష చేస్తాడే, ఆ పద్ధతి వేళ్ళు అక్కడ ఉన్నాయి.

ఇంత పకడ్బందీగా కట్టిన నెట్‌వర్క్‌కు మొదటి పెద్ద దెబ్బ 1973 క్రిస్మస్ రోజున తగిలింది. హార్వర్డ్‌లోని ఇంప్ జ్ఞాపకశక్తిలో ఒక భాగం చెడి, ఏం చదివినా సున్నాలే ఇచ్చింది. చెడింది సరిగ్గా దారుల లెక్క ఉండే చోటు. ఫలానా ఊరికి నా నుంచి ఎంత దూరం అని ప్రతి ఇంప్ పక్కవాళ్ళకు చెబుతుండాలి. హార్వర్డ్ ఇంప్, ఏ ఊరికైనా నా నుంచి దూరం సున్నా అని చాటింది. అంతకంటే దగ్గర దారి ఎక్కడుంటుంది? దేశంలోని ముక్కలన్నీ అటే మళ్ళాయి. వెళ్ళినవేవీ తిరిగి రాలేదు. ఆ ఇంప్ చచ్చిపోయి ఉంటే నెట్‌వర్క్ దాన్ని తప్పించుకుని చుట్టూ తిరిగి వెళ్ళేది. అలా తప్పించుకోవడం దానికి వచ్చు. చావకుండా, పూర్తి నమ్మకంతో తప్పు చెప్పేవాణ్ణి ఏం చెయ్యాలో మాత్రం దానికి ఎవరూ నేర్పలేదు. ఆ తర్వాత ఇంప్‌లు తమ జ్ఞాపకంలోని దారుల పట్టికలకు, ఆ పట్టికలు తయారుచేసే ప్రోగ్రాంకు కూడా చెక్‌సమ్ (రాసింది చెదరలేదని తేల్చే మొత్తం) లెక్క చూసుకోవడం మొదలుపెట్టాయి.

1979లో దారుల లెక్క పద్ధతినే మార్చేశారు. జాన్ మెక్విలన్, ఐరా రిచర్, ఎరిక్ రోజెన్ కొత్త పద్ధతి కట్టారు. పక్కవాడు చెప్పిన దూరాలను గుడ్డిగా నమ్మకుండా, ప్రతి ఇంప్ తన లైన్ల పరిస్థితిని మాత్రమే రాసి అందరికీ పంచుతుంది. అందరి చీటీలూ అందాక ఎవరికి వారు మొత్తం పటం గీసుకుంటారు. హార్వర్డ్ లాంటి తప్పుకు ఇందులో చోటు చాలా తగ్గింది. చీటీ పంచడం కూడా తేలికే: నీకు కొత్త చీటీ అందితే పక్కవాళ్ళందరికీ ఇవ్వు, పాతదైతే పక్కన పడెయ్యి. కొత్తదో పాతదో తెలియడానికి ప్రతి చీటీ మీద ఒక వరస అంకె. ఆరు బిట్ల అంకె, అంటే 0 నుంచి 63 దాకా. 63 తర్వాత మళ్ళీ 0.

ఇక్కడ కొంచెం నిదానంగా చూడాలి, చిక్కంతా ఇక్కడే ఉంది. అంకెలు గుండ్రంగా తిరుగుతున్నప్పుడు ఏది కొత్త, ఏది పాత? 64 గీతలున్న గడియారం ఊహించుకోండి. ఒక అంకె నుంచి ముందుకు 32 గీతల్లోపు నడిస్తే రెండో అంకె తగిలిందా, రెండోదే కొత్తది. ఇది వాళ్ళు పెట్టుకున్న నియమం. మామూలుగా ఒకే ఇంప్ నుంచి వచ్చిన చీటీలు 12, 13, 14 అని పక్కపక్క అంకెలతోనే తిరుగుతుంటాయి కాబట్టి ఈ నియమానికి ఢోకా లేదు.

1980 అక్టోబర్ 27న ఆర్పానెట్ మొత్తం కదలకుండా ఆగిపోయింది. కొన్ని గంటల పాటు ఎవరూ ఏదీ పంపలేకపోయారు. నియంత్రణ కేంద్రంలో చూస్తే లైన్లు పడిపోతున్నట్టు, మళ్ళీ లేస్తున్నట్టు కనిపించాయి. ఏ ఒక్క ఇంప్ చచ్చిపోలేదు. అన్నీ ఊపిరాడనంత పనిలో ఉన్నాయి. లైను బాగుందా అని పక్క ఇంప్‌ను పలకరించడానికి కూడా తీరిక లేక, బాగున్న లైన్లు కూడా పడిపోయినట్టే అయ్యాయి. ఒక ఇంప్‌ను ఆపి మళ్ళీ లేపారు. లేచిన క్షణమే అది మళ్ళీ అదే జబ్బున పడింది.

బీబీఎన్ వాళ్ళు ఇంప్‌ల జ్ఞాపకాన్ని ఉన్నదున్నట్టు బయటికి తీసి చూశారు. పెట్టెల నిండా చీటీలే. అవన్నీ 50వ నంబరు ఇంప్ పేరు మీద ఉన్నాయి. వాటి మీద ఉన్న అంకెలు మూడే మూడు: 44, 40, 8. అవే మళ్ళీ మళ్ళీ.

గడియారం మీద వేసి చూడండి. 8 నుంచి ముందుకు 32 గీతలు నడిస్తే 40. అంటే 8 కంటే 40 కొత్తది. 40 నుంచి నాలుగు గీతలకు 44. అదీ కొత్తదే. ఇప్పుడు 44 నుంచి నడవండి: 63 దాటి, సున్నా దాటి, 28 గీతలకు 8. అంటే 44 కంటే 8 కొత్తది! 32, 4, 28 కలిపితే సరిగ్గా 64. పూర్తి చుట్టు. ఒక ఇంప్ దగ్గర 8 ఉంటే 40 వచ్చి కొత్తది అనిపించుకుంటుంది, పక్కవాళ్ళకు వెళ్తుంది. తర్వాత 44, ఆ తర్వాత మళ్ళీ 8. పంచే నియమం ఒక్కసారీ తప్పలేదు. నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించడం వల్లే నెట్‌వర్క్ ఆగిపోయింది.

మరి ఆ మూడు అంకెలు ఎలా పుట్టాయి? 0, 1 అనే రెండే అంకెల లెక్కలో రాస్తే 44 అంటే 101100. అందులో ఒక ‘1’ రాలిపోతే 101000, అంటే 40. ఇంకొకటి రాలిపోతే 001000, అంటే 8. పక్కనున్న 29వ నంబరు ఇంప్‌లో హార్డ్‌వేర్ లోపం ఉండి, బిట్లు జారవిడిచింది. లైన్ మీద జరిగే తప్పులను పట్టుకోవడానికి చెక్‌సమ్ ఉంది. ఈ తప్పు లైన్ మీద జరగలేదు, ఇంప్ కడుపులో జరిగింది. పంచే చీటీలకు అక్కడ కాపలా లేదు. ఏడేళ్ళ కిందట దారుల పట్టికకు వేసిన తాళం, కొత్త పద్ధతిలోని చీటీకి వెయ్యలేదన్నమాట. పాత పాఠం కొత్త ఇంటికి సామానుతో పాటు రాలేదు.

అన్ని ఇంప్‌లనూ ఒకేసారి ఆపితే తప్ప ఆ చీటీలు చావవు. ఎక్కడ ఒక్కటి మిగిలినా మళ్ళీ అందరికీ పాకుతుంది. దేశమంతా పరుచుకున్న యంత్రాలను ఒకే క్షణంలో ఆపడం ఎలా? వాళ్ళు వేసిన ఎత్తు చాలా సాదాగా ఉంటుంది. ఇంప్ ప్రోగ్రాంకు ఒక చిన్న అతుకు వేశారు: 50వ ఇంప్ పేరు మీద వచ్చే చీటీని పట్టించుకోవద్దు. దాన్ని ఒక్కో ఇంప్‌కు ఎక్కిస్తూ పోయారు. అతుకు పడ్డ ఇంప్ ఇక ఆ మూడింటినీ పక్కకు పంచదు. అలా ఒకదాని తర్వాత ఒకటి కోలుకున్నాయి.

ఎరిక్ రోజెన్ 1981 జూలైలో ఈ సంగతంతా ఆర్ఎఫ్‌సీ 789 అనే పత్రంలో రాశాడు. నెట్‌వర్క్ కట్టేవాళ్ళు ఎవరైనా చదువుకునేలా బహిరంగంగా పెట్టాడు. ఆ పద్ధతిని కట్టిన ముగ్గురిలో ఆయన ఒకడు. అయినా తప్పును హార్డ్‌వేర్ నెత్తిన వేసి ఊరుకోలేదు. బిట్లు రాలడం ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే, అంత చిన్న తప్పు ఇంత పెద్ద నెట్‌వర్క్‌ను ఎందుకు పడగొట్టగలిగింది అనే ప్రశ్న వేసుకున్నాడు. దేశంలో ఒక్క బృందం చేతిలో మొత్తం నెట్‌వర్క్ ఉండబట్టి ఆ రోజు గట్టెక్కారు. అలాంటి బృందం లేని రోజున? ఆ పత్రం చదివినప్పుడు నాకు ఆయన మీద గౌరవం కలిగింది. తన చేతి పనిని అంత నిదానంగా విప్పి చూపించడం అందరి వల్లా కాదు.

ఆ ప్రశ్నకు మంచి జవాబు రాడియా పెర్ల్‌మన్ అనే నెట్‌వర్క్ ఇంజనీరు దగ్గర దొరికింది. 1983లో ఆమె ఒక పత్రం రాసింది. అంకెలు ఊరికే గుండ్రంగా తిరగకూడదు, చీటీకి వయసు కూడా ఉండాలి అని చూపించింది. వయసు తీరిన చీటీ, దాని మీద ఏ అంకె ఉన్నా సరే, చచ్చిపోవాలి. యంత్రం మరిచిపోవడం నేర్చుకోవాలన్నమాట. ఎలాంటి తప్పుడు స్థితిలో వదిలేసినా కొంతసేపటికి తనంతట తాను సరైన దారికి వచ్చే పద్ధతుల గురించి ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1974లోనే రెండు పేజీల్లో రాసిపెట్టాడు. ఆ రెండు పేజీల బలం నెట్‌వర్క్ వాళ్ళకు అర్థం కావడానికి దాదాపు పదేళ్ళు పట్టింది.

ఆ పాఠాలన్నీ ఒకచోట చేరింది ఓఎస్‌పీఎఫ్ అనే దారుల లెక్క పద్ధతిలో. 1989లో మొదటి రూపం, 1991లో రెండోది. పెద్ద ఆఫీసుల్లో, కాలేజీల్లో, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీల్లో ఈ రోజుకీ నడుస్తోంది. రెండో రూపంలో అంకె గుండ్రంగా తిరగదు. 32 బిట్ల సరళరేఖ. ఐదు సెకన్లకొకటి చొప్పున వాడినా 600 ఏళ్ళకు పైగా వస్తుంది. చీటీ వయసు గంట. పంపినవాడు అరగంటకోసారి కొత్తది పంపకపోతే గంటకు అది మాయమవుతుంది. ఇవన్నీ ఒక ఎత్తు, ఇంకో చిన్న నియమం ఒక ఎత్తు: తన జ్ఞాపకంలో దాచుకున్న ప్రతి చీటీ చెక్‌సమ్‌ను రౌటర్ ఐదు నిమిషాలకోసారి మళ్ళీ లెక్క చూసుకోవాలి. లైన్ మీద నుంచి వచ్చినదాన్ని కాదు, తన కడుపులో ఉన్నదాన్ని. 29వ ఇంప్‌లో రాలిన రెండు బిట్ల గుర్తు అది.

నా స్క్రిప్టు వాడే పింగ్ కథ వేరు. 1983 డిసెంబర్‌లో మేరీలాండ్ రాష్ట్రంలోని ఆబర్డీన్‌లో, అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనశాలలో మైక్ మూస్ అనే ఇంజనీరుకు నెట్‌వర్క్‌లో ఏదో తేడా కనిపించింది. జలాంతర్గాములు శబ్దం పంపి ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గినట్టు, ఒక ముక్క పంపి అది తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసే చిన్న ప్రోగ్రాం ఆ సాయంత్రమే రాసేశాడు. ఆ శబ్దం పేరే పెట్టాడు. అలాంటి ప్రతిధ్వని ముక్క నియమాల్లో 1981 నుంచీ ఉంది. దాన్ని లోపం వెతకడానికి వాడుకోవచ్చని డేవ్ మిల్స్ అనే పరిశోధకుడు అన్న మాట మూస్ మనసులో ఉండిపోయింది. ఒకాయన పింగ్ జవాబు వచ్చినప్పుడల్లా కంప్యూటరు గట్టిగా ‘పింగ్’ అని పలికేలా చేసి, భవనమంతా తిరుగుతూ ఒక్కో కేబుల్ మొనను కదిపి చూశాడట. పలకడం ఆగిన చోట లోపం దొరికింది. అంత హాయిగా లోపం వెతకడం నేను ఎక్కడా చదవలేదు.

పింగ్‌ను మనిషి చదివితే హాయే, స్క్రిప్టు చదివితేనే చిక్కు. నా స్క్రిప్టు పెట్టిన మొదటి వారంలో, రెండు వారాలు బాగా నడవడానికి ముందు, ఒకరోజు నెట్ పూర్తిగా పోయినా లాగ్‌లో ‘అంతా బాగుంది’ అని ఉంది. విండోస్‌లో పింగ్ కొట్టినప్పుడు అవతలి యంత్రం అందకపోతే, ‘అది అందడం లేదు’ అనే కబురు కొన్నిసార్లు మన సొంత కంప్యూటరు నుంచే వస్తుంది. పింగ్ దాన్ని కూడా వచ్చిన జవాబుగానే లెక్కవేసి, పని అయిందని సున్నా తిరిగి ఇస్తుంది. నా స్క్రిప్టు ఆ సున్నాను చూసి సరిపెట్టుకుంది. హార్వర్డ్ ఇంప్ చాటిన సున్నా గుర్తొచ్చింది నాకు. నిజమైన జవాబులో మాత్రమే ఉండే ‘TTL=’ అనే గుర్తు కోసం వెతికేలా మార్చాక అది కుదుటపడింది.

ఇక ఆ రాత్రి సంగతి. మా నెట్‌వర్క్ స్విచ్‌లో ఆ కంప్యూటరు పోర్టుకు ఒక సౌకర్యం పెట్టి ఉంది, వైరు తగలగానే దారి తెరిచేలా. పెట్టినవాళ్ళు దాన్ని సేవ్ చెయ్యలేదు. కరెంటు పోయి రాగానే స్విచ్ మామూలు పద్ధతికి వెళ్ళిపోయింది. ఆ మామూలు పద్ధతి కూడా రాడియా పెర్ల్‌మన్ చేతి పనే, 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో ఉండగా చేసింది. స్విచ్‌లను పొరపాటున చుట్టులా కలిపితే ముక్కలు అందులో పడి ఆగకుండా తిరుగుతుంటాయి. ఈథర్‌నెట్ ముక్కకు వయసు లేదు మరి. ఆ చుట్టును తెంచడానికి, కొత్తగా వైరు తగిలిన పోర్టును స్విచ్ వెంటనే తెరవదు. 15 సెకన్లు వింటుంది, మరో 15 సెకన్లు నేర్చుకుంటుంది. ముప్ఫై సెకన్ల తర్వాతే దారి ఇస్తుంది.

అడాప్టర్ ఆన్ కాగానే కంప్యూటరు తనకు ఒక చిరునామా ఇమ్మని డీహెచ్‌సీపీ పద్ధతిలో కేకేస్తుంది. జవాబు రాకపోతే 4 సెకన్లు ఆగి, తర్వాత 8, 16, 32 ఆగి మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. అంటే మొదటి కేక 0వ సెకనులో, తర్వాత దాదాపు 4, 12, 28 సెకన్లకు. ఈ నాలుగు కేకలకూ స్విచ్ తలుపు మూసే ఉంది. తలుపు 30కి తెరుచుకుంటుంది. ఆ తర్వాతి ప్రయత్నం 60 సెకన్లు దాటి, కొన్ని నిమిషాలయ్యాకే. నా స్క్రిప్టు 60వ సెకనుకే వచ్చి, ఇంకా నెట్ లేదని అడాప్టర్ ఆపేస్తుంది. తలుపు మళ్ళీ మూసుకుంటుంది. రాత్రంతా ఇదే వరస. స్విచ్ సరిగ్గానే ఉంది. కంప్యూటరూ సరిగ్గానే అడుగుతోంది. స్క్రిప్టు రాసిన ప్రకారమే పని చేస్తోంది. 44, 40, 8 లాగే, ముగ్గురూ నియమం తప్పకుండా ఒకరి వెనక ఒకరు తిరుగుతున్నారు.

బాగుచేసే తొందరే చేటు తెచ్చిన మరో సందర్భం 1986 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలో జరిగింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు, పక్కనే ఉన్న బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి మధ్య దూరం 400 గజాలు. ఆ కాస్త దూరంలో వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. ముక్క దారిలో పోతే, పంపిన కంప్యూటరు వెంటనే మళ్ళీ పంపేది. దారి కిక్కిరిసినందువల్ల పోతున్న ముక్కలవి. మళ్ళీ పంపేకొద్దీ దారి ఇంకా కిక్కిరిసింది. వాన్ జేకబ్‌సన్, మైక్ కరెల్స్ దీని వెనక పడి, మెల్లగా మొదలుపెట్టడం, దెబ్బ తగిలితే వెనక్కి తగ్గడం, జవాబు రానప్పుడు ఎదురుచూసే సమయాన్ని ప్రతిసారీ రెట్టింపు చెయ్యడం యంత్రాలకు నేర్పారు. 1988లో జేకబ్‌సన్ రాసిన పత్రం ఇంటర్నెట్‌ను నిలబెట్టిన పత్రాల్లో ఒకటని నా నమ్మకం.

నా స్క్రిప్టును మళ్ళీ రాయడానికి కూర్చున్నప్పుడు వాళ్ళందరి దగ్గరా అప్పు తెచ్చుకున్నాను. ముందు మా సొంత రౌటర్‌కు పింగ్, అది అందితేనే బయటికి. ఇల్లే అందనప్పుడు బయట వెతకడం ఎందుకు? ఒక్క పింగ్ పోతే కాదు, వరసగా మూడు పోతేనే మరమ్మతు. మరమ్మతు చేశాక రెండు నిమిషాలు చెయ్యి కట్టుకు కూర్చోవాలి. మళ్ళీ అవసరమైతే నాలుగు, ఆ తర్వాత ఎనిమిది. ఒక ప్రతి నడుస్తుండగా ఇంకో ప్రతి మొదలవకుండా ఒక గుర్తు ఫైలు పెట్టాను. అర్ధాంతరంగా చచ్చిపోతే ఆ గుర్తు శాశ్వతంగా ఉండిపోతుంది కదా, అందుకని దానికి ఒక వయసు కూడా పెట్టాను. గంట దాటితే చెల్లదు. మూడు మరమ్మతులకు లొంగకపోతే స్క్రిప్టు ఆగిపోయి, మనిషిని పిలుస్తూ తెరమీద ఒక చీటీ వదులుతుంది. స్విచ్ సెట్టింగ్‌ను ఈసారి సేవ్ చేసి, ఒకసారి ప్లగ్ పీకి పెట్టి, ఉందో లేదో చూశాను.

మొన్న వానాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం అటెండర్ ఫోన్ చేశాడు. “సార్, తెర మీద ఏదో రాసి ఉంది, చదువుతాను వినండి. ‘మూడుసార్లు ప్రయత్నించాను. రౌటర్ అందడం లేదు. కేబుల్ చూడండి’ అంటోంది.” మేడ మీదికెక్కి చూడమన్నాను. ముందు రోజు గాలికి విరిగిన వేపకొమ్మ పిట్టగోడ మీద పడి ఉందట, దాని కింద వైరు తెగి ఉందట. సాయంత్రానికి కొత్త వైరు లాగించాం. ఆ రోజు లాగ్‌లో ఉన్నవి నాలుగే వరసలు.